మా మావయ్య యుద్ధం వద్దన్నాడని ఊళ్ళో దేశద్రోహి అంటున్నారు. ఇలాంటి మాజీ సైనికులు ఇంకెవరైనా ఉన్నారా?

గార కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం పక్క ఊరు. డిగ్రీ అయ్యాక టౌన్లో మొబైల్ షాపులో చేస్తున్నాను. అడగాల్సింది మా మేనమామ గురించి.

మావయ్య 1987లో ఆర్మీలో చేరాడు, ఆర్టిలరీ. 24 ఏళ్ళు చేసి హవల్దారుగా దిగిపోయాడు. కార్గిల్ అప్పుడు ద్రాస్‌లో బోఫోర్స్ గన్ మీద ఉన్నాడు. ఎడం చెవి అప్పుడే పోయింది. ఎంత పనిలో ఉన్నా ఫోను కుడి చెవికే పెడతాడు. చిన్నప్పుడు అది మిలిటరీ స్టైల్ అనుకుని మేమూ అలాగే పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఎకరంన్నర జీడితోట, రెండు గేదెలు, పెన్షను. ఏటా ఆగస్టు 15కి హైస్కూల్లో జెండా దగ్గరికి పిలుస్తారు. మెడల్స్ పెట్టుకుని వెళ్ళి అయిదు నిమిషాలు మాట్లాడి, పిల్లలకి చాక్లెట్లు పంచి వస్తాడు.

2025 మే నెలలో, పహల్గాంలో 26 మందిని చంపేశాక మనవాళ్ళు దాడులు మొదలుపెట్టారు కదా, మా ఊరి వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. 'లాహోరు పట్టేశారు', 'కరాచీ పేలిపోయింది' అని ఒకటే వీడియోలు. మావయ్య గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పడు. ఆ రాత్రి ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నా:

"ఒరే బాబూ, కొట్టాల కొట్టాల అన్నోలంతా మీ ఇంటి కుర్రోల్ని ముందు అంపండ్రా. నాను సూసినాను. గుండు ఏసినోడికి అది ఎక్కడ పడ్డాదో, ఎవులి మీద పడ్డాదో తెల్దు. యుద్దం వొద్దురా నాయినా."

పది నిమిషాల్లో అడ్మిన్ తీసేశాడు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకాయన, 'సైనిక సంక్షేమం వాళ్ళకి కంప్లయింట్ పెడితే నీ పెన్షన్ ఆగిపోద్ది' అన్నాడట. స్కూలు కమిటీలో ఒకాయన ఈసారి జెండాకి వేరేవాళ్ళని పిలుద్దాం అంటున్నాడు. అత్తయ్యకి పెన్షన్ భయం పట్టుకుంది. మావయ్య పైకి ఏమీ అనడు గానీ, మొన్న గేదెలకి గడ్డి వేస్తూ నన్ను అడిగాడు: "ఒరే, ఇలగనుకున్నోడ్ని నానొక్కడ్నేనేటి? నాను గానీ పిరికోడ్ని అయిపోనానేటి?"

రెండు ప్రశ్నలు. నిజంగా పెన్షన్ ఆపగలరా? ఇంత సర్వీసు చేసి యుద్ధం వద్దన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? మావయ్యకి చదివి వినిపించాలి, కాస్త వివరంగా రాయండి.

మల్కాపురం పాత నావికుడు:

బాబూ, ముందు మీ అత్తయ్య భయం తీర్చు. సర్వీసులో ఉన్నంతకాలం ఆర్మీ యాక్టు 21వ సెక్షను, దాని కింది రూల్సు మెడమీద ఉంటాయి. పేపరువాళ్ళతో మాట్లాడకూడదు, పార్టీ మీటింగులకి పోకూడదు, సంఘాల్లో చేరకూడదు. రాజ్యాంగం 33వ అధికరణం ఆ కట్టడికి వీలిచ్చింది. డిశ్చార్జి బుక్కు చేతికొచ్చిన రోజు నుంచి మీ మావయ్య నీలాంటి పౌరుడే. యుద్ధం వద్దన్నందుకు పెన్షన్ ఆగినవాణ్ణి నేనైతే ఇంతవరకు చూడలేదు. గన్ ఎక్కడ పెట్టాం, యూనిట్ ఎటు కదిలింది లాంటివి మాత్రం చెప్పకూడదు. అధికార రహస్యాల చట్టం రిటైరైనవాణ్ణి కూడా వదలదు. యూనిఫాం వేసుకుని పార్టీ జెండా కింద కూర్చోవద్దని కూడా చెప్పు. ఇక కంప్లయింట్ అంటావా, పెట్టుకోనీ. ఆ ఆఫీసులో మనవాళ్ళ కార్డులు, పిల్లల స్కాలర్‌షిప్పుల పనికే తీరిక ఉండదు.

ఇప్పుడు రెండోది. అది నా ప్రశ్న కూడా కాబట్టి కొంచెం పొడుగౌతుంది.

నేను 1984లో చిల్కాలో ట్రైనింగ్ చేసి నేవీలో చేరాను. 15 ఏళ్ళు చేసి పెట్టీ ఆఫీసర్‌గా దిగిపోయాను. తర్వాత గాజువాకలో ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకీతో 17 ఏళ్ళు నిలబడ్డాను. ఆ తుపాకీ ఒక్కసారీ పేలలేదు, దేవుడి దయ.

మీ మావయ్యకి లక్ష్మీనారాయణ్ రామ్‌దాస్ పేరు చెప్పు. 1990 నవంబర్ 30 నుంచి 1993 సెప్టెంబర్ 30 వరకు మా నేవీ చీఫ్. నాకూ ఆయనకీ మధ్య ఎన్ని ర్యాంకులో లెక్కపెడితే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి దిగినంత అలుపొస్తుంది. పెరేడ్‌లో దూరంగా చూడటమే, మాట్లాడింది లేదు. యుద్ధం తెలియని మనిషి కాదాయన. 1971లో ఐఎన్ఎస్ బియాస్ అనే యుద్ధనౌకకి కమాండింగ్ ఆఫీసర్. తూర్పు నౌకాదళంలో విమానాలు మోసే ఓడ విక్రాంత్‌తో పాటు వెళ్ళి తూర్పు పాకిస్తాన్ రేవుల్ని దిగ్బంధం చేసిన ఓడల్లో అదొకటి. కాక్స్ బజార్ మీద గుళ్ళు కురిపించింది. ఆయనకి వీరచక్ర వచ్చింది అందుకే. నేవీలోకి ఆడపిల్లల్ని ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలైంది కూడా ఆయన హయాంలోనే, 1992లో. అప్పట్లో మా మెస్సులో దానిమీద పేలిన జోకులు ఇక్కడ రాయలేను. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు మా మనవరాలు నేవీలో చేరతానంటోంది.

ఇలాంటి మనిషి రిటైరయ్యాక ఏం చేశాడు? ఆ స్థాయి వాళ్ళు మామూలుగా ఏదో కంపెనీ బోర్డులో కూర్చుంటారు. ఈయన అలీబాగ్ దగ్గర పల్లెకి పోయి సేద్యం పెట్టాడు. పాకిస్తాన్ వాళ్ళతో కూర్చుని మాట్లాడే 'పాకిస్తాన్-ఇండియా పీపుల్స్ ఫోరం' అని ఉంది, దాని భారత విభాగానికి అధ్యక్షుడుగా చేశాడు. 1998 మేలో మనం పోఖ్రాన్‌లో అణుబాంబులు పేల్చాం, అదే నెలాఖరుకి వాళ్ళు చాగాయిలో పేల్చారు. మాకు విశాఖలో మిఠాయిలు పంచారు, నేనూ తిన్నాను. ఈయన మాత్రం అణ్వాయుధాలు వద్దంటూ తిరగడం మొదలుపెట్టాడు. 2000లో అణ్వాయుధ వ్యతిరేక సంఘాలన్నీ ఒక కూటమిగా ఏర్పడితే అందులో ముందు నిలబడ్డాడు. 2004లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఎవరితో కలిపి అనుకున్నావు? పాకిస్తాన్ జర్నలిస్టు ఐ.ఎ. రెహమాన్‌తో కలిపి. వీరచక్ర ఆ దేశంతో కొట్లాడినందుకు, మెగసెసే ఆ దేశపు మనిషి పక్కన నిలబడినందుకు.

పిరికివాడికి వీరచక్ర ఇవ్వరు కదా బాబూ. మీ మావయ్యతో ఈ మాట గట్టిగా చెప్పు, కుడి చెవిలో.

ఆయన నాకు ఎందుకు అర్థమయ్యాడో కూడా చెప్పాలి. ఆయన పేరు వినకముందే నాకు ఒక రాత్రి అయింది.

1990 మార్చి. శ్రీలంక నుంచి శాంతిసేనని వెనక్కి తెస్తున్నారు. 1987లో శాంతి కాపాడతామని వెళ్ళాం, ఎవరిని కాపాడటానికి వెళ్ళామో వాళ్ళతోనే యుద్ధం వచ్చి పడింది. మనవాళ్ళు వెయ్యి మందికి పైగా పోయారు. నేను ఒక ల్యాండింగ్ షిప్ మీద ఉన్నాను. అంటే ముందు తలుపు తెరుచుకుని లారీలు, ట్యాంకులు నేరుగా కడుపులోకి ఎక్కే ఓడ. ట్రింకోమలీలో ఎక్కించుకుని మద్రాసులో దింపాలి. డెక్ నిండా జవాన్లు, బూట్ల కంపు, బీడీ పొగ. ఒక మూల ఒకడు నిలబడి ఉన్నాడు. పక్కన రెండు నల్ల ట్రంకు పెట్టెలు. రెండింటి మీదా తెల్ల పెయింటుతో పేరు, నంబరు. ఒకదాని మీద కూర్చోవచ్చు కదా అని నేను హిందీలో అడిగితే తెలుగులో జవాబొచ్చింది. పార్వతీపురం కుర్రాడు. "ఒకటి నాది, ఒకటి మావోడిది" అన్నాడు. మావోడు లేడు. ఇద్దరూ ఒకే రోజు భర్తీ అయ్యారట, ఒకే బస్సెక్కి. తన పెట్టె కింద, వాడిది పైన పెట్టి, దానిమీద ఎవరూ కూర్చోకుండా రాత్రంతా కాపలా కాశాడు. చాయ్ తెచ్చిస్తే తాగాడు, కూర్చోలేదు.

రేవులో బ్యాండు మోగింది. తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి మాత్రం స్వాగతానికి రాలేదు. ఆయన కారణాలు ఆయనకున్నాయి, తమిళుల మీద యుద్ధం చేసి వచ్చిన సైన్యం అన్నాడు. ఆ రోజుల్లో ఆయన మీద నాకు కడుపు మండింది. ఇప్పుడు అంత మండదు. ఆ పెట్టె గుర్తొచ్చినప్పుడు మాత్రం ఒకటే అనిపిస్తుంది. పంపినవాళ్ళకీ, రానన్నవాళ్ళకీ ఇద్దరికీ మాట్లాడే నోరుంది. పార్వతీపురంలో ఎవరో ఒక ముసలమ్మ ఆ పెట్టె తాళం తీసి ఉంటుంది, ఆమెని ఎవరూ ఏమీ అడిగి ఉండరు. నేను ఆ కుర్రాడి పేరు రాసుకోలేదు. రాసుకోవాల్సింది.

డిసెంబర్ 4 నేవీ డే, ఇక్కడ విశాఖలో ఆ సందర్భంగా విన్యాసాలు పెడతారు. బీచిలో జనం పోటెత్తుతారు, హెలికాప్టర్లు, కమాండోలు, రాత్రికి ఓడలకి దీపాలు. చూడముచ్చటగానే ఉంటుంది, మనవల్ని నేనూ తీసుకెళ్తాను. మైకులో ఘాజీ కథ చెప్తారు. విక్రాంత్‌ని ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక మన రేవు బయట పేలి మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ల వైపు భద్రంగా ఉంది. జనం చప్పట్లు. ఘాజీ ఇప్పటికీ అక్కడే అడుగున ఉంది, లోపల తొంభై మందికి పైగా మనుషులతో. ఆ తర్వాత వారం తిరక్కుండా, డిసెంబర్ 9న, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని వాళ్ళు ముంచారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది ఆఫీసర్లు, 176 మంది సైలర్లు. మాకు చిల్కాలో ఖుక్రీ గురించి చెప్పేటప్పుడు క్లాసులో ఈగ వాలిన చప్పుడు వినపడేది. జలాంతర్గామి లోపల నీళ్ళొస్తే ఎలా ఉంటుందో సైలర్‌కి తెలుసు, అది ఏ దేశపు జలాంతర్గామి అయినా సరే. చప్పట్లు కొట్టేటప్పుడు నా చేతులు ఒక్క క్షణం ఆగుతాయి. మా మనవడు కనిపెట్టేశాడు కూడా, "తాతా నువ్వెందుకు కొట్టవు" అని.

మొన్న మే 8 రాత్రి టీవీల్లో 'నేవీ కరాచీ రేవుని పేల్చేసింది' అని అరిచారు చూశావా, నాకు ఆ రాత్రి నిద్ర లేదు. మా పక్కింటివాళ్ళ అబ్బాయి ఓడ మీద ఉన్నాడు. వాళ్ళమ్మ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది, నిజమేనా అంకుల్ అని. తెల్లారాక తెలిసింది, అంతా ఉత్తిదే, ఎక్కడివో పాత వీడియోలు. ఆ యాంకర్ ఎవడో ఆమెకి క్షమాపణ చెప్పలేదు.

రామ్‌దాస్ గురించి ఇంకొక్క మాట, ఇది నీకు దగ్గరిది. మీ కళింగపట్నానికి దగ్గర్లోనే డి.మత్స్యలేశం ఉంది. అక్కడి కుర్రాళ్ళు పని లేక గుజరాత్ వెరావల్ పోయి బోట్ల మీద చేస్తారు. 2018 నవంబర్‌లో సముద్రంలో హద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయి కరాచీ జైల్లో పెట్టారు. నీళ్ళ మీద గీత ఉండదు బాబూ, చేప ఎటుపోతే బోటు అటు పోతుంది. వాళ్ళు జైల్లో ఉండగానే 2019 ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్ అయ్యాయి. ఇక్కడ టీవీలు యుద్ధం యుద్ధం అంటుంటే వాళ్ళ పెళ్ళాలకి ఎలా ఉండి ఉంటుందో చూడు. చివరికి 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. రామ్‌దాస్ పనిచేసిన ఆ పీపుల్స్ ఫోరం ఏళ్ళ తరబడి పట్టుకున్న పనుల్లో ఇదొకటి: రెండు జైళ్ళలో ఉన్న రెండు దేశాల జాలర్లని విడిపించమని అటూ ఇటూ ఉత్తరాలు, పేర్ల జాబితాలు. శాంతి అంటే అందరూ కొవ్వొత్తులు అనుకుంటారు. ఎక్కువ భాగం గుమాస్తా పని.

అదే 2019లో ఎన్నికల ముందు ఆయన ఎన్నికల సంఘానికి ఉత్తరం రాశాడు, సైన్యం పేరు చెప్పి, సైనికుల ఫోటోలు పెట్టి ఓట్లు అడగనివ్వొద్దని. అప్పటికి వయసు 85. ఆయనకీ తిట్లు పడ్డాయి, మీ మావయ్యకి పడ్డట్టే.

అన్నిట్లో ఆయన్ని మెచ్చుకోను. మధ్యలో ఆమ్ ఆద్మీ పార్టీకి అంతర్గత లోక్‌పాల్‌గా వెళ్ళాడు, 2015లో వాళ్ళే పక్కన పెట్టేశారు. ఆ వయసులో ఆ తలనొప్పి ఎందుకయ్యా అనిపించింది. పార్టీల గడప తొక్కితే ఎంత పెద్ద మాటైనా చిన్నదైపోతుంది. మీ మావయ్య కూడా ఎవడైనా పార్టీవాడు శాలువా పట్టుకొస్తే కాస్త ఆలోచించుకోవాలి.

2024 మార్చి 15న సికింద్రాబాద్‌లో పోయాడు. తొంభై ఏళ్ళు. భార్య లలిత తండ్రి కటారి, 1958లో మన నేవీకి తొలి భారతీయ అధిపతి. అంటే మామా అల్లుళ్ళిద్దరూ నేవీ చీఫ్‌లే. ఆ రోజు మా ఎక్స్-సర్వీస్‌మెన్ గ్రూపులో కొందరు సెల్యూట్ పెట్టారు, కొందరు ఏమీ పెట్టలేదు. తిట్టినవాడు మాత్రం లేడు. యూనిఫాం వేసినవాళ్ళం ఆ మాత్రం ఆగుతాం.

గిద్దలూరు శివ:

పెద్దాయన చెప్పింది బాగుంది, చదివాను. కానీ నాకు మింగుడు పడటం లేదు. మా ఇంట్లో ముగ్గురం మిలిటరీ. మా తమ్ముడు ఈ రోజుకి పూంఛ్ వైపు ఉన్నాడు. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి గారు బస్సెక్కి లాహోర్ పోయారు. మేలో చూస్తే కొండల మీద వాళ్ళ సైనికులు. 527 మంది పోయారు. అంటే మనం చేయి చాపినప్పుడు వాళ్ళు ఏం చేస్తున్నట్టు? 2008లో బొంబాయికి సముద్రం మీదనే వచ్చారు, నేవీ ఆయనకి నేను చెప్పనక్కర్లేదు. అడ్మిరల్ గారు అలీబాగ్‌లో తోట పెట్టుకుని శాంతి చెప్పొచ్చు. బంకర్‌లో ఉన్నవాడికి ఆ మాట వినపడితే చెయ్యి వణుకుతుంది. దేశద్రోహి అనడం తప్పే, గ్రూపులోంచి తీసెయ్యడం ఇంకా తప్పు. కానీ ఆ మాట అనే టైము అది కాదు. కుర్రాడా, మీ మావయ్యని అవమానించాలని కాదు. ఆయన ద్రాస్‌లో గుండు వెయ్యకపోతే టైగర్ హిల్ ఎక్కినవాళ్ళు ఇంకా ఎంతమంది పోయేవాళ్ళో ఆయనకే తెలుసు.

మల్కాపురం పాత నావికుడు:

శివా, నీ తమ్ముడు చల్లగా ఉండాలి. నువ్వన్నదాంట్లో సగం నాకు అభ్యంతరం లేదు. 26/11కి వాళ్ళు వాడింది మన పోరుబందరు బోటే, కుబేర్. అందులో ఉన్న మన జాలర్లని చంపేశారు. ఆ తర్వాతే తీర రక్షణ బాధ్యత మొత్తం నేవీ మీద పెట్టారు. నేను నేవీ మూసెయ్యమనలేదు, రామ్‌దాస్ కూడా అనలేదు. ఇంటికి కాపలా కుక్క ఉండాలి, సరే. దాన్ని రోజూ వీధిలోకి ఉసిగొల్పితే ఏదో ఒక రోజు మన పిల్లాడే దారిలో ఉంటాడు.

లాహోర్ బస్సు మాట నిజం, ఆ దెబ్బ నాకూ తగిలింది. అయితే ఒకటి చూడు. కార్గిల్లో మనం నియంత్రణ రేఖ దాటలేదు. అంత మంది పోతున్నా గీత దాటొద్దన్నది పై నుంచి వచ్చిన ఆర్డరు. గ్రూపులో లాహోరు పట్టేశామన్నవాళ్ళ లెక్కన అప్పటి ప్రభుత్వం కూడా పిరికిదే అవ్వాలి మరి.

టైము గురించి: యుద్ధం వద్దనే మాట యుద్ధం లేనప్పుడు అంటే ఎవడూ వినడు, ఉన్నప్పుడు అంటే అనకూడదంటారు. ఎప్పుడు అనమంటావో నువ్వే చెప్పు. వాదన కోసం అడగట్లేదు, నాకూ తెలీదు.

క్లీవ్‌లాండ్ లక్ష్మి:

తమ్ముడూ, నేను ఇక్కడ అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తాను. మాది తెనాలి. నా దగ్గరికి మోకాలికి వచ్చే వియత్నాం ముసలాయన ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పకూడదు. ఇక్కడ 1971 ఏప్రిల్‌లో వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్ళు వందల మంది వాషింగ్టన్ పోయి, పార్లమెంటు భవనం ముందు కంచె మీదుగా తమ మెడల్స్ విసిరేశారు. ఒక్కొక్కడు మైకు దగ్గరికొచ్చి పేరు చెప్పి విసిరేశాడట. తర్వాత విదేశాంగ మంత్రి అయిన జాన్ కెర్రీ కూడా వాళ్ళలో ఒకడు, ఆ వారమే సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. మా ముసలాయన ఆ రోజు వెళ్ళలేదు. వెళ్ళనందుకు సగం బాధ, వెళ్ళినవాళ్ళ మీద సగం కోపం, యాభై ఏళ్ళుగా రెండూ మోస్తున్నాడు. ఆయన మెడల్స్ ఇంట్లో సాక్సుల సొరుగులో ఉన్నాయట.

ఇంకా పాతవాడు ఒకడున్నాడు, స్మెడ్లీ బట్లర్. మెరైన్స్‌లో మేజర్ జనరల్. ఇక్కడి అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ రెండుసార్లు తీసుకున్నాడు, 1914లో మెక్సికోలో పోరాటానికి ఒకటి, 1915లో హైతీలో ఇంకొకటి. రిటైరయ్యాక ఊరూరా తిరిగి, నేను ఇన్నేళ్ళూ పెద్ద పెద్ద వ్యాపారాలకి రౌడీలా పనిచేశాను అని చెప్పి, 1935లో చిన్న పుస్తకం కూడా వేశాడు. కాబట్టి మావయ్యగారు ఒంటరివారేం కాదు.

నా వైపు నుంచి ఒక్కటే సలహా, వృత్తిపరంగా. చెవి పరీక్ష ఒకసారి మళ్ళీ చేయించండి. ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్ళకి రెండో చెవి కూడా మెల్లగా తగ్గుతుంది. ఊళ్ళోవాళ్ళ మాటలు వినపడకపోతే మంచిదే అంటారేమో గానీ, చేయించండి.

గార కుర్రాడు:

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అన్నీ మావయ్యకి చదివి వినిపించాను. రెండు రాత్రులు పట్టింది, మధ్యమధ్యలో ఆపమనేవాడు. ట్రంకు పెట్టె దగ్గర ఆపి లేచి బయటకి వెళ్ళిపోయాడు. శివ అన్న రాసింది విని "ఆ బాబు సెప్పింది నిజమే, గుండు ఏసినందుకు నాకు ఇచారం లేదు" అన్నాడు. కాసేపాగి "ఏసినందుకు లేదు. పడిన సోటు సూడనందుకే" అన్నాడు. మత్స్యలేశం సంగతి వినగానే ఆ ఊళ్ళో తనకి తెలిసిన ఒకాయన పేరు చెప్పి, ఆయన కరాచీ నుంచి వచ్చాక కొన్నాళ్ళు రాత్రిళ్ళు లైటు ఆర్పనిచ్చేవాడు కాదట, ఇదంతా నాకు ఎప్పుడూ చెప్పలేదు.

చెవి పరీక్షకి మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ పాలిక్లినిక్‌కి తీసుకెళ్ళాను. చెవి మిషన్ రాశారు. ఇంకా పెట్టుకోవడం లేదు.

ఆగస్టు 15 సంగతి. కమిటీ ఆయన వేరేవాళ్ళని చూస్తానన్నాడు గానీ హెడ్మాష్టారు ఒప్పుకోలేదు, ఎప్పుడూ వచ్చే మనిషే రావాలి అన్నారట. మావయ్య ముందు రోజు రైస్ మిల్లుకి పోయి యాభై కిలోల బస్తాలోంచి ఏడు కిలోలు తీయించి, 43 కిలోలు తూచి మూతి కుట్టించాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. జెండా ఎగరేశాక ఆటోలోంచి ఆ బస్తా దింపించి, పదో తరగతిలో బాగా ఒడ్డూ పొడుగూ ఉన్న ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి భుజం దాకా ఎత్తమన్నాడు. ఒకడు నడుం దాకా ఎత్తి దించేశాడు. రెండోవాడు ఎత్తాడు గానీ రెండడుగులు వేసి నవ్వేశాడు. అందరూ నవ్వారు.

మావయ్య చెప్పింది ఇంతే: "బోఫోర్స్ గుండు ఒకటి ఇంత ఉంటాది. మిషన్‌తోటి ఎత్తే ఏర్పాటుంది గానీ ఆ కొండల్లోన సగం సేతుల్తోనే మోసినాం. కార్గిల్ మొత్తానికి 2,50,000 పైనే ఏసినారంట అందరూ కలిసి. మా గన్ను దగ్గర నాను ఎన్ని మోసినానో లెక్క మర్సిపోనాను. ఒక్కటీ ఎక్కడ పడ్డాదో సూడలేదు. మీరు పెద్దయ్యాక ఎవులైనా యుద్దం కావాలంటే, ముందిది ఎత్తమనండి."

కమిటీ ఆయన వెంటనే మైకు తీసుకుని జైహింద్ అన్నాడు. మావయ్య కూడా అన్నాడు, అందరికంటే గట్టిగా. చెవి వినపడదు కదా, ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే. తర్వాత చాక్లెట్లు పంచాడు.

గ్రూపులోకి మళ్ళీ ఎవరూ కలపలేదు, ఆయనా అడగలేదు. బస్తా ఇంటికి తెద్దామని ఆటోవాణ్ణి పిలవబోతే వద్దని, మధ్యాహ్న భోజనం వండే ఆవిడకి ఇచ్చేసి వచ్చాడు. ఆవిడ ఏడు కిలోలు తక్కువుందేంటి బాబాయ్ అని అడిగిందట.